సౌదీ దాకా వెళ్లిన తొమ్మిదో తరగతి బస్సు

బస్సెక్కితే కడుపులో తిప్పే మనిషి పిల్లలకు ప్రయాణాలతో చరిత్ర చెప్పాడంటే మీరు నవ్వుతారు. నవ్వండి. మా స్టాఫ్ రూములో నేను రిటైరయ్యే దాకా నవ్వారు. పెద్దపల్లిలో ఎక్కి కరీంనగర్‌లో దిగే లోపు నిమ్మకాయను అరిగిపోయేలా వాసన చూసే నేను, తరగతి గదిలో మాత్రం పిల్లలను ఎల్గందుల కోటకూ, ధూళికట్ట స్తూపానికీ, కోటిలింగాలకూ, అక్కణ్నుంచి ఏకంగా రోము నగరానికీ తిప్పుకొచ్చేవాణ్ని. ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన సోషల్ టీచర్లు కొందరు ఫోన్ చేసి, "సార్, ఆ బస్సు పాఠం ఎట్ల చెప్పేటోళ్లు?" అని అడుగుతున్నారు. ఎట్లా చెప్పేవాణ్నో నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. అది ఒక శుక్రవారం నా చేతుల్లోంచి ఎట్లా జారిపోయిందో చెప్పడానికే కాస్త ఓపిక కావాలి.

పద్ధతి చాలా సులువు. బెంచీలను రెండు వరుసలుగా జరిపి మధ్యలో నడిచేందుకు దారి వదిలేవాళ్లం. అట్టముక్క మీద ఊళ్ల పేర్లు రాసి తలుపుకు వేలాడదీస్తే అది బస్సు బోర్డు. వారానికొకరు కండక్టర్. ఒక్కో స్టాపుకు ఒక్కో విద్యార్థి గైడు. ఆ చోటి గురించి చదువుకొచ్చి మిగతావాళ్లకు చూపించాలి. షరతు ఒక్కటే. సంవత్సరం చెప్పే ముందు కిటికీలోంచి ఏం కనబడుతోందో చెప్పాలి. ఎండ ఉందా, మబ్బు ఉందా, అక్కడి జనం ఏం తింటున్నారు, మనల్ని చూసి కుక్కలు మొరిగాయా లేదా. ఇవి చెప్పాకే రాజుల పేర్లు. శాతవాహనుల స్టాపులో మూత్రానికని దిగిన ఒకడు ఇంటర్వెల్ అయిపోయాక గానీ తిరిగి బస్సెక్కలేదు. అయినా మొత్తం మీద చరిత్ర గంటకు పిల్లలు నిద్రపోవడం మానేశారు. నాకు అది చాలు.

నా బస్సుతో పేచీ అంతా పక్క గదిలో ఉన్న లెక్కల సార్‌కే. ఆయన ఆ బడిలో ఏళ్ల తరబడి పాతుకుపోయిన మనిషి. ఆ ఊళ్లో ఇప్పుడు తండ్రులైనవాళ్లకు కూడా ఆయనే ఎక్కాలు నేర్పాడు. పిల్లలు చేతులు కట్టుకుని నిలబడందే ఆయన నోరు విప్పడు.

"సార్, మీ బస్సు హారన్ కొట్టినప్పుడల్లా నా త్రిభుజం ఒక్కో దిక్కుకు పోతుంది," అనేవాడు.

"ఒక్కసారి ఎక్కి చూడుండ్రి సార్, కిటికీ సీటు ఇస్త," అనేవాణ్ని.

"మీరు ఎక్కితే వాంతి, మేం ఎక్కితే మీ పాఠం. రెండూ ఒకటే," అని వెళ్లిపోయేవాడు.

మా బడి ఉన్న ఊరు వరి పొలాల మధ్య ఉంటుంది. సగం ఇళ్లలో మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు. అందుకే అరబ్బు వర్తకుల పాఠం వచ్చినప్పుడు కథ అడ్డం తిరిగింది. అరేబియా గుర్రాలు ఓడల్లో మన తీరానికి వచ్చేవని, అక్కణ్నుంచి కాకతీయుల కోట దాకా నడిచొచ్చేవని చెబుతున్నాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు.

"సార్, మన బస్సు సముద్రం ఎట్ల దాటుతది?"

నేను జవాబు వెతుక్కునే లోపే వాడి పక్కవాడు అందుకున్నాడు. "మా బాపు మస్కట్లనే ఉంటడు సార్. దిగంగనే చాయ్ తాగిస్తడు."

తరగతంతా నవ్వింది. నాకు మాత్రం ఆ మాట తలలో తిరుగుతూనే ఉంది. పాఠంలో ఉన్న రేవులన్నింటిలోనూ మా పిల్లల తండ్రులు ఉన్నారు. నేను చూడని ఊళ్లలో వాళ్లు రోజూ నడుస్తున్నారు. వాళ్లు చూపిస్తే నేను అట్టముక్కలు కత్తిరించడం ఎందుకు?

మా పెద్ద మేడం దగ్గరికి వెళ్లి అనుమతి అడిగాను. ఆమె హాజరు పట్టీ మూసి పక్కన పెట్టింది.

"ఊళ్ల ఉన్న తండ్రులనే మీటింగ్‌కు రప్పిస్తలేరు సార్ మీరు. మస్కట్ నుంచి రప్పిస్తరా?"

"ఫోన్ల వస్తరు మేడం. శుక్రవారం వాళ్లకు సెలవు. మనకు గా రోజు చరిత్ర చివరి పీరియడ్."

ఆమె ఒప్పుకుంది, ఒక మెలిక పెట్టి. ఫోన్ నా చేతిలో ఉండకూడదట, లెక్కల సార్ చేతిలో ఉండాలట. ఆయనైతే హద్దు దాటనివ్వడని ఆమె నమ్మకం. ఆయన సణుగుతూనే వచ్చాడు. తన ఫోన్‌ను గోడకున్న డిజిటల్ బోర్డుకు కలిపి, మొదటి శుక్రవారం తలకిందులుగా పట్టుకుని, మస్కట్ నగరాన్ని పైకప్పు నుంచి వేలాడదీశాడు.

ఆ శుక్రవారాలు భలే గడిచాయి. మస్కట్‌లో తాపీ పని చేసే తండ్రి కొండ మీది కోట చూపించి, "గిది పోర్చుగీసోళ్లు కట్టిండ్రట, బోర్డు మీద రాసున్నది," అన్నాడు. దుబాయ్‌లో ఉన్న ఒకాయన సముద్రపు పాయ ఒడ్డున కట్టేసిన చెక్క ఓడలు చూపించాడు. వందల ఏళ్ల కిందట మిరియాలు మోసిన రకం ఓడలే. ఇప్పుడు వాటిలోకి ఫ్రిజ్‌లు ఎక్కిస్తున్నారు. ఈ తండ్రులు తమ వంతు వస్తోందంటే క్షవరం చేయించుకుని, పక్క మంచం వాడి చొక్కా అడిగి తొడుక్కుని కూర్చునేవారు. ఒకాయన ఇస్త్రీ చొక్కాతో హుందాగా మాట్లాడుతూ ఉండగా ఫోన్ కిందికి జారి, చొక్కా కింద గళ్ల లుంగీ, దాని కింద బకెట్లో నానబెట్టిన బట్టలు కనబడ్డాయి. ఆయన కొడుకు బెంచీ కిందికి దూరాడు. మిగతావాళ్లు ఆ బకెట్‌ను చరిత్రలో భాగంగానే రాసుకున్నారు.

ఒకరి వంతు మాత్రం ఎంతకీ రాలేదు. కిటికీ పక్కన కూర్చునే ఒక అమ్మాయి. చురుకైన పిల్ల. తను కండక్టరయిన వారం నన్ను కూడా టికెట్ లేకుండా బస్సెక్కనివ్వలేదు. వాళ్ల నాన్న రియాద్‌లో ఒక కంపెనీ కారు డ్రైవరు. ఎప్పుడు అడిగినా ఆ అమ్మాయి జవాబు ఒక్కటే.

"మా బాపుకు డ్యూటీ ఉంటది సార్."

"శుక్రవారం కూడనా? సౌదీ రాజును తీస్కపోతుండా ఏంది మీ బాపు?"

ఆ అమ్మాయి నవ్వింది. తల దించి రాసుకోసాగింది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం, నేను బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే ఎక్కడిదో తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"సారూ, నమస్తే. మీ తొమ్మిదో తరగతిల నా బిడ్డ ఉన్నది," అని ఆ అమ్మాయి పేరు చెప్పాడు. "గీ సౌదీలనే దమ్మాంల ఉండే మా ఊరాయన ఫోన్ల చెప్పిండు. పిల్లల బాపులందరు మీ క్లాసుకు వచ్చిండ్రట గదా. ఇంకెవలు మిగిలిండ్రు సార్?"

"నువ్వొక్కనివే," అన్నాను.

అవతలినుంచి మాటకు బదులు ఎవరో గొంతులో నీళ్లు పోసుకుని పుక్కిలిస్తున్నట్టు ఒక వింత చప్పుడు.

"ఏందా సప్పుడు?"

"రేడియో సార్."

అలాంటి రేడియోను నేనెప్పుడూ వినలేదు. సరే అనుకున్నాను.

"ఇప్పుడు ఏం పాఠం నడుస్తుంది సార్?"

"సముద్రం అయిపోయింది. వచ్చే వారం ఎడారి దారి. సరుకులేసుకొని ఒంటెల గుంపులు ఎట్ల పోయేటియో చెప్పాలె. బిడారులంటరు."

అతను గొంతు తగ్గించి మెల్లగా అడిగాడు.

"ఒంటెలు మీకు ఎన్ని గావాలె సార్?"

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అతను దాచుకోకుండా చెప్పేశాడు. డ్రైవర్ వీసా అని చెప్పే ఏజెంట్లు పంపించారట. దిగాక ఊరికి దూరంగా ఎడారిలో ఒంటెల దగ్గర వదిలేసి వెళ్లారట. అప్పటినుంచి అక్కడే. ఒక డేరా, ఒక నీళ్ల ట్యాంకర్, ఒంటెలు, అతను.

"ఇంట్ల తెల్వది సార్. డ్రైవర్‌నే అని చెప్పిన. నా బిడ్డకు అసలే తెల్వది. గందుకే వీడియో కాల్ చేయ, ఉత్త మాటలే మాట్లాడుత. బిడ్డను చూడక మూడేండ్లయితుంది."

"మరి ఇప్పుడెట్ల?"

"మీ పాఠానికి ఒంటెలను చూపిస్త. నన్ను చూపియ్య. ముఖానికి గుడ్డ కట్టుకుంట, గొంతు జర మార్చి మాట్లాడుత. మీకు తెలిసినాయన అని చెప్పుండ్రి. నా బిడ్డ క్లాసుల కూసున్నది ఒక్కసారి చూస్త సార్. గంతే."

సరే, వచ్చే శుక్రవారం రమ్మన్నాను. బస్సెక్కాను. ఆ రోజు కడుపులో తిప్పిన సంగతి కూడా నాకు గుర్తు లేదు.

మర్నాడు లెక్కల సార్‌కు మాత్రం చెప్పాను. ఫోన్ పట్టుకునేది ఆయనే కాబట్టి చెప్పక తప్పలేదు. నాకు తిట్లు పడతాయనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"వాడు నా దగ్గరనే చదివిండు. బీజగణితం అస్సలు రాకపోతుండె," అన్నాడు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "ఫోన్ పిల్ల దిక్కు తిప్పి పట్టుకుంట. మంచిగ కనవడాలె గదా వానికి," అన్నాడు.

ఆ శుక్రవారం బోర్డు వెలగగానే మాకు కనబడింది ఒక ఒంటె ముక్కు. బోర్డు నిండా ముక్కే. తరగతి గది దద్దరిల్లింది. ముక్కు పక్కకు జరిగాక ఎర్ర గళ్ల బట్టను తలకూ ముఖానికీ చుట్టుకున్న మనిషి కనబడ్డాడు. కళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు. నెట్‌వర్క్ కోసం నీళ్ల ట్యాంకర్ మీదికి ఎక్కి నిలబడ్డాడు. చుట్టూ ఇసుక. మేం అట్టల మీద గీసిన ఎడారి కంటే చాలా బోసిగా ఉంది.

"గీయన నాకు తెలిసినాయన," అన్నాను. అబద్ధమాడేటప్పుడు నా గొంతు సన్నబడుతుంది. పిల్లలకు ఆ సంగతి తెలుసు. అదృష్టంకొద్దీ ఆ రోజు వాళ్లు నన్ను కాదు, ఒంటెలను చూస్తున్నారు.

అతను గొంతు బొంగురు చేసి మాట్లాడాడు. ఒంటె ఎలా కూర్చుంటుందో, సరుకు ఎక్కించేటప్పుడు రెండు పక్కలా బరువు ఎలా సమానం చేస్తారో చూపించాడు. మాట్లాడుతున్నంతసేపూ అతని కళ్లు మాత్రం ఒక్క వైపే ఉన్నాయి. లెక్కల సార్ ఫోన్‌ను కిటికీ వైపు తిప్పి, చెయ్యి నొప్పి పెడుతున్నా కదలకుండా పట్టుకున్నాడు. ఆ అమ్మాయి బోర్డు వంక చూస్తోంది. రాసుకోవడం లేదు. పక్కనున్న పిల్ల ఏదో అడిగినా పలకలేదు.

ముందు బెంచీలో ఒకడు లేచాడు. "మీ ఒంటెలకు పేర్లున్నయా?"

"ఎందుకుండయి?" అన్నాడతను, హుషారులో బొంగురు గొంతు మరిచిపోయి. "గిది రాణి. గిది దొరసాని, నీళ్లు తాగుడుకు సుత పిలువాలె. గా ఎనుకున్నది మస్తు మొండిది, ఎంత బతిమిలాడినా లేవది, తప్పు చేస్తే ఉరిమి చూస్తది. దాని పేరు లెక్కల సార్."

పిల్లలు ఒంటెను చూశారు. తర్వాత ఫోన్ పట్టుకున్న మనిషిని చూశారు. మా లెక్కల సార్‌ను ఎడారిలో ఎరిగిన మనిషి ఎవరై ఉంటాడు? ఇంకా వంతు రానిది ఒక్క తండ్రిదే. ఒకరి తర్వాత ఒకరు తలలు తిప్పి కిటికీ పక్కనున్న ఆ అమ్మాయి వైపు చూడసాగారు. ఏదో ఒకటి చెప్పి పాఠం ఆపేద్దామని ముందుకు అడుగేశాను.

ఆ లోపే ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"బాపూ, గా గుడ్డ తీయి. మంచిగ కనవడ్తలేవు."

గాలి చప్పుడు ఒక్కటే వినబడుతోంది. అతను చేయి పైకెత్తి మెల్లగా ఆ బట్ట విప్పాడు. గడ్డం నెరిసింది. ముక్కు మీద, బుగ్గల మీద చర్మం ఎండకు నల్లగా మాడింది. ఆ అమ్మాయి బోర్డు దగ్గరికి వచ్చి నిలబడి తండ్రిని కళ్లారా చూసుకుంది. ఆ పిల్ల ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఏడవలేదు. తరగతి వైపు తిరిగింది.

"మా బాపు," అంది. "ఏమన్న అడిగేదుంటే అడుగుండ్రి."

పిల్లలు అడిగారు. ఒంటె కరుస్తుందా, ఏం తింటుంది, పాలు ఎట్లుంటాయి, ఇసుక తుఫాను వస్తే ఎక్కడ పడుకుంటారు. ఒక్కరు కూడా డ్రైవరు సంగతి అడగలేదు. తొమ్మిదో తరగతి పిల్లలకు బుద్ధి లేదని స్టాఫ్ రూములో ఎవరైనా అంటే, ఆ తర్వాత నేను ఒప్పుకోలేదు.

అన్నీ అయ్యాక లెక్కల సార్ గొంతు సవరించుకున్నాడు.

"ఏమిరా, గా ఒంటె నిజంగ గంత మొండిదా?"

అవతల మనిషి ఉలిక్కిపడ్డాడు. "సార్, మీరు గాడనే ఉన్నరా?"

"ఫోన్ పట్టుకున్నది నేనే."

అతను అలవాటు కొద్దీ, చిన్నప్పుడు బడిలో నిలబడ్డట్టు, రెండు చేతులూ కట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. అతని చేతిలో ఉన్న ఫోన్ ట్యాంకర్ మీదినుంచి ఇసుకలో పడింది. బెల్లు కొట్టే దాకా మా బోర్డు నిండా ఆకాశమే.

మరునాడు ఆ అమ్మాయి తల్లి బడికి వచ్చింది. ఇంటి గుట్టు బయటపెట్టినందుకు నాలుగు మాటలు అంటుందని సిద్ధపడ్డాను. ఆమె వరండా స్తంభం పక్కన నిలబడి కొంగు సర్దుకుంది.

"నాకు మొదటి నెలలనే ఎర్కయింది సార్. కార్ల ఏసీ ఉంటదంటడు. ఫోన్ల ఎప్పుడూ గాలి సప్పుడే. ఏసీ కార్లకు గంత గాలి ఏడికెల్లొస్తది?"

"మరి అడగలేదా అమ్మా?"

"అడిగితే ఇంకో అబద్ధం చెప్పాల్సొస్తది గాయనకు. ఉన్న ఒక్కటే మొయ్యలేకపోతుండు." కాస్త నవ్వింది. "బిడ్డకు మాత్రం చెప్పలే. పరేషాన్ అయితదని."

ఆమె వెళ్లాక ఆ అమ్మాయిని పిలిచి అడిగాను, నీకెప్పటినుంచి తెలుసని. చాలా రోజులైందట. ఒకసారి వాళ్ల నాన్న మాట్లాడుతుండగా వెనక ఆ పుక్కిలింత వినబడిందట. బడిలో ఉన్న కంప్యూటర్‌లో వెతికి, అది ఒంటె అరుపని తెలుసుకుందట.

"మరి మీ అమ్మకు చెప్పలేదా?"

"అవ్వ ఫికర్ చేస్తదని చెప్పలే సార్."

"మీ బాపునన్న అడగకపోయినవా?"

ఆ అమ్మాయి నేల చూసింది. "డ్రైవర్‌ను అని చెప్పేటప్పుడు గాయన గొంతు మంచిగుంటుండె సార్."

నేను చరిత్ర టీచర్ని. ఆధారాలు వెతకడం, వాటిని పక్కపక్కన పెట్టి చూడటం నా పని అని చెప్పుకుంటాను. గాలి చప్పుడు విని తల్లి, ఒంటె అరుపు విని కూతురు నాకంటే ముందే ఆ పని చేసేశారు. ఒకే ఇంట్లో ముగ్గురు, ఒకే సంగతి, ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు. ఆ ఇంట్లోకి నేను బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లాను. కాబట్టి కొత్త టీచర్లు నన్ను పద్ధతి అడిగితే నాకు కాస్త నవ్వొస్తుంది. అట్టముక్కలు, బెంచీలు, బోర్డు, ఇవన్నీ మీరూ చేయగలరు. పిల్లల ఇళ్ల మీదుగా బస్సు నడిపేటప్పుడు మాత్రం కొంచెం మెల్లగా పోండి. ఏ మలుపులో ఎవరు నిలబడి ఉంటారో మన పాఠ్య ప్రణాళికలో ఉండదు.

పరీక్షలో బిడారుల గురించి రాయమంటే సగం మంది "ఒంటె చాలా మొండి జంతువు" అని మొదలుపెట్టారు. దిద్దినవాడు నేనే కాబట్టి బతికిపోయారు. లెక్కల సార్ కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు ఎవరూ లేకుండా చూసి పక్కకు పిలిచి, "గా ఒంటె ఫోటో ఒకటి తెప్పిస్తరా సార్?" అన్నాడు. తెప్పించాను. ఆయన దాన్ని ఎవరికీ చూపించలేదు గానీ, స్టాఫ్ రూములో ఒంటరిగా ఉన్నప్పుడు చూసుకుంటుంటే నేను రెండుమూడుసార్లు పట్టుకున్నాను.

ఆ అమ్మాయి పదో తరగతిలో ఉండగా వాళ్ల నాన్న ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. వడ్లు మిల్లుకు తోలుతాడు. వచ్చిన వారంలోనే బడికి వచ్చి నన్ను కలిశాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. లెక్కల సార్ గది వైపు ఓ కన్నేసి ఉంచి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

చాలా రోజులుగా అడగాలనుకున్న మాట అడిగాను. "అందరి ముందట గుడ్డ తీయమన్నది గదా మీ బిడ్డ. కోపం రాలేదా?"

"కోపమెందుకు సార్," అన్నాడు. "నా పెండ్లాం రోజు ఫోన్ల ఏం తిన్నవని అడుగుతుండె. హోటల్ల బిర్యానీ అని చెప్తుంటి. గా శుక్రవారం మాపు సుత అడిగింది. ఎండు రొట్టె, ఉల్లిగడ్డ అని చెప్పిన." చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "గన్ని రోజులల్ల గా ఒక్క పూటనే సార్, తిన్నది కడుపుల పడ్డట్టు అనిపిచ్చింది."